టేక్ ఆఫ్‌కి ఆరు అర్థాలు బట్టీ పట్టించినా వాడటం రావట్లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా వారి ఉద్యోగం వల్ల కొంతకాలంగా హో చి మిన్ సిటీలో ఉంటున్నాం. ఇక్కడికి రాకముందు స్కూల్లో ఇంగ్లీష్ టీచర్‌ని. ఇప్పుడు సాయంత్రాలు ఆఫీసుల్లో, హోటళ్ళలో పనిచేసే వియత్నాం వాళ్ళకి స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. చాలా కష్టపడి చదువుతారు. కానీ ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియ పక్కన ‘ఆఫ్’, ‘ఆన్’ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చేవి) దగ్గరికి వచ్చేసరికి ముందుకి కదలట్లేదు. ‘టేక్ ఆఫ్’కి ఆరు అర్థాలు, ఒక్కోదానికి ఒక్కో వాక్యం ఇచ్చి రాయించాను. అప్పజెప్పమంటే గడగడా అప్పజెబుతారు. మాట్లాడమంటే మాత్రం ‘టేక్ ఆఫ్ దెమ్’ అనీ ‘పుట్ ఆఫ్ యువర్ షూస్’ అనీ అంటారు. ఒకమ్మాయి ఆఫీసులో ‘ఐ టుక్ ఆఫ్ యెస్టర్‌డే’ అంటే వాళ్ళ విదేశీ మేనేజర్‌కి అర్థం కాలేదట. ఆ వాక్యం నేను నేర్పిందే, అందులో తప్పేముంది? పైగా సగం మందికి ‘ఆఫ్’ అనడం రాదు, ‘ఓప్’ అంటారు. నాకు వియత్నామీస్ అంతంతమాత్రం. వాళ్ళ భాష జోలికి పోకుండా ఇది నేర్పడం కుదురుతుందా? — ఒక పాఠకురాలు

సమాధానం: మీ స్టూడెంట్ల జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదండీ, ఆరు అర్థాలు అప్పజెప్పినవాళ్ళకి అరవై కూడా వస్తాయి. చిక్కు వాళ్ళ నోటు పుస్తకంలో ఉంది. అందులో ‘టేక్ ఆఫ్’ అని పక్కపక్కనే రాసి, దానికెదురుగా అర్థం రాసుకుని ఉంటారు కదా. అలా రాయగానే అది వాళ్ళకి ఒకే మాట అయిపోయింది. వియత్నామీస్ వాక్యంలో కూడా ఇంగ్లీష్‌లాగే ముందు కర్త, తర్వాత క్రియ, ఆ తర్వాత కర్మ వస్తాయి. కాబట్టి ‘టేక్ ఆఫ్’ మొత్తం ఒక క్రియ అనుకున్నవాళ్ళు కర్మని దాని వెనకాల పెట్టి ‘టేక్ ఆఫ్ దెమ్’ అనడం చాలా సహజం. వాళ్ళు నియమం తప్పట్లేదు, పుస్తకంలో ఉన్న రూపాన్ని నమ్మి నియమం ప్రకారమే నడుస్తున్నారు.

ఇందులో నాకు బాధ కలిగించే సంగతేమిటంటే, సరైన రూపం వాళ్ళ భాషలోనే సిద్ధంగా ఉంది. మీ క్లాసులో ఎవరినైనా ‘షూస్ విప్పు’ అన్నదాన్ని వియత్నామీస్‌లో చెప్పమనండి. ‘కొయ్ యై రా’ అంటారు. (స్వరాలు తెలుగు లిపిలో పట్టుబడవు, ఇక్కడ నేను రాసేవన్నీ సుమారుగా సైగాన్, అంటే మీరుంటున్న హో చి మిన్ సిటీ పలుకుబడే, హనోయ్ వాళ్ళైతే ‘కొయ్ జై జా’ అంటారు.) ‘కొయ్’ అంటే విప్పడం, ‘యై’ అంటే షూస్, ‘రా’ అంటే బయటికి. ముందు క్రియ, మధ్యలో వస్తువు, చివర దిక్కు చెప్పే చిన్న మాట. ఇప్పుడు ఇంగ్లీష్ వాక్యం దాని పక్కన పెట్టి చూడండి: టేక్ యువర్ షూస్ ఆఫ్. అదే వరస! షూస్ బదులు ‘వాటిని’ అనాల్సి వచ్చినా ఆ మాట కూడా మధ్యలోకే పోతుంది, ఇంగ్లీష్‌లో ‘టేక్ దెమ్ ఆఫ్’ అన్నట్టే. వేసుకోవడానికి కూడా ఇదే పద్ధతి, చివర ‘రా’ బదులు లోపలికి అని అర్థమిచ్చే మరో చిన్న మాట వస్తుంది, మనకది ‘పుట్ యువర్ షూస్ ఆన్’. ‘స్టాండ్ అప్’కి వాళ్ళ మాట ‘డుంగ్ లెన్’, అందులో ‘లెన్’ అంటే పైకి. ‘సిట్ డౌన్’కి కూడా అంతే, కూర్చోవడం ప్లస్ కిందికి. అంటే ఫ్రేజల్ వెర్బ్‌లో సగం పని ఈ వియత్నాం వాళ్ళు ఇంగ్లీష్ మొదలుపెట్టకముందే చిన్నప్పటి నుంచీ చేస్తున్నారు, ఆ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు అంతే.

మీకు ఇది తట్టకపోవడానికి కారణం ఉంది. మనం ‘చెప్పులు విప్పు’ అంటాం, ‘లే’ అంటాం, ‘కూర్చో’ అంటాం. మన క్రియ వాక్యం చివరికి పోతుంది, కర్మ ఎప్పుడూ దానికి ముందే వచ్చేస్తుంది, మధ్యలో ఏదైనా పెట్టడానికి చోటే ఉండదు. కాబట్టి మనం స్కూల్లో ఫ్రేజల్ వెర్బ్స్‌ని నేర్చుకుంది పూర్తిగా కొత్త వస్తువులా, జాబితా రాసుకుని, బట్టీ పట్టి. మనకి అంతకంటే దారి లేదేమో కూడా. కానీ మనం నడిచిన దారిలోనే వాళ్ళనీ నడిపిస్తే వాళ్ళకి ఉన్న దగ్గరి దారి మూసేసినట్టే.

కాబట్టి రేపటి క్లాసులో మొదట చేయాల్సింది నోటు పుస్తకంలో ఆ పేజీ మార్పించడం. ‘టేక్’ రాసి, వేలు పట్టేంత ఖాళీ వదిలి, ‘ఆఫ్’ రాయించండి. ఆ ఖాళీలో ఏది పెట్టొచ్చో వాళ్ళనే చెప్పనివ్వండి: షూస్, జాకెట్, గ్లాసెస్, దెమ్, ఇట్. ఖాళీలో పెడితే ఎప్పుడూ తప్పు కాదు అని ఒక్క మాట గట్టిగా చెప్పండి. ‘టేక్ ఆఫ్ యువర్ షూస్’ కూడా ఒప్పే, విమానాశ్రయాల్లో అలాగే వినిపిస్తుంది, కానీ ‘దెమ్’, ‘ఇట్’ లాంటివి మాత్రం మధ్యలోనే ఉండాలి, చివరికి పోకూడదు. ఈ రెండు రూపాలూ మొదటి రోజే ఇస్తే గందరగోళం. వస్తువు పేరు బాగా పొడుగైతే, అంటే ‘పోయిన నెల డా నాంగ్‌లో కొన్న ఆ నల్ల షూస్’ లాంటిదైతే, అప్పుడు దాన్ని ‘ఆఫ్’ తర్వాత పెట్టడమే వినసొంపుగా ఉంటుందని ఇంకో వారం పోయాక చెప్పినా చాలు.

ఇక ప్రాక్టీసుకి వాళ్ళు రోజూ చేసే పనులే తీసుకోండి. వియత్నాంలో 2007 డిసెంబర్ 15 నుంచి మోటార్‌సైకిల్ మీద వెళ్ళేవాళ్ళందరికీ హెల్మెట్ తప్పనిసరి, కాబట్టి మీ క్లాసుకి వచ్చేవాళ్ళలో చాలామంది తలుపు దగ్గరే హెల్మెట్ తీసి, ఎండకీ దుమ్ముకీ కట్టుకున్న మాస్క్ తీసి, పొడుగు చేతుల జాకెట్ విప్పి, చాలా ఇళ్ళలో అయితే షూస్ కూడా వదిలి లోపలికి వస్తారు. ఒకరు తలుపు దగ్గర నిలబడి ఒక్కోటీ తీస్తూ ఉంటే మిగతావాళ్ళు చెప్పాలి: టేక్ యువర్ హెల్మెట్ ఆఫ్, టేక్ ఇట్ ఆఫ్, టేక్ యువర్ మాస్క్ ఆఫ్, టేక్ ఇట్ ఆఫ్. పేరుతో ఒకసారి, ‘ఇట్’తో ఒకసారి, వెంటవెంటనే. చేతిలో వస్తువు ఉండగా అన్న వాక్యానికీ పుస్తకంలో చూసి చదివిన వాక్యానికీ చాలా తేడా ఉంటుంది, మీరు టీచర్ కాబట్టి ఇది నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ రెండు తప్పులు ఎదురవుతాయి, ముందే కాచుకుని ఉండండి. ఒకటి ‘టేక్ అవుట్ యువర్ షూస్’. వాళ్ళ ‘రా’కి అర్థం ‘బయటికి’ కదా, దాన్ని తిన్నగా ఇంగ్లీష్‌లోకి తెచ్చేస్తే ‘అవుట్’ వస్తుంది. ఒక సంచీ తెచ్చి అందులోంచి షూస్ బయటికి తీసి అది ‘టేక్ అవుట్’ అని, కాళ్ళకున్న షూస్ విప్పి ఇది ‘టేక్ ఆఫ్’ అని చూపించండి. వివరణ అవసరమే ఉండదు. రెండోది మీరు రాసిన ‘పుట్ ఆఫ్ యువర్ షూస్’. ‘పుట్ ఆన్’కి వ్యతిరేకం ‘పుట్ ఆఫ్’ అయి ఉంటుందని లెక్క వేసుకుంటారు, ‘టర్న్ ఆన్’, ‘టర్న్ ఆఫ్’ చూశాక ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం అని ఇప్పుడే విడమరిచి చెప్పడం మొదలుపెట్టకండి. బట్టలకి ‘ఆన్’ అయితే పుట్, ‘ఆఫ్’ అయితే టేక్ అని జంటగా అలవాటు చేస్తే చాలు.

అర్థాల సంగతికి వద్దాం. ఒకే ‘టేక్ ఆఫ్’కి ఇన్ని అర్థాలా అని వాళ్ళు కంగారు పడటంలో న్యాయం ఉంది, ఎందుకంటే వాళ్ళ భాషలో ఒంటి మీంచి తీసే ఒక్కో వస్తువుకీ ఒక్కో క్రియ ఉంది. బట్టలకీ షూస్‌కీ ‘కొయ్’, కళ్ళజోడుకీ ఉంగరానికీ ‘థావ్’, టోపీకి మామూలుగా ఇంకోటి. ఈ విషయంలో తెలుగువాళ్ళం మనం వాళ్ళకి బాగా దగ్గర. మనమూ బట్టలు విప్పుతాం, గుడి ముందు చెప్పులు విడుస్తాం, కళ్ళజోడు తీస్తాం, విమానమైతే గాల్లోకి లేస్తుంది. ఇన్ని క్రియలు ఉన్నవాడికి ఇంగ్లీష్ అన్నిటికీ ఒకే మాట ఎందుకు వాడుతుందో ఒక పట్టాన అంతు పట్టదు. దాన్ని విడదీయాలంటే ‘టేక్’ని కాసేపు పక్కన పెట్టి ‘ఆఫ్’ని పట్టుకోవాలి. దేనికో అంటుకుని ఉన్నది దాన్నుంచి విడిపోవడం, అదీ ‘ఆఫ్’. కాలి నుంచి షూ విడిపోయింది. రన్‌వే నుంచి విమానం చక్రాలు విడిపోయాయి. పని నుంచి ఒక రోజు విడిపోయింది. ధర నుంచి కొంత మొత్తం విడిపోయింది. బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద ఆనుకుని ఉన్న ఒక చుక్కని పైకి లేపి చూపించండి. ఏ అర్థం చెప్పినా ఆ బొమ్మ దగ్గరికే రండి. అన్ని అర్థాలూ అందులో సరిగ్గా ఇమడవు, కానీ మొదటి నాలుగూ ఇముడుతాయి, మీకు ముఖ్యంగా కావలసింది ఆ నాలుగే.

విమానం వాక్యం వాళ్ళకి తేలిక. టాన్ సన్ న్యాట్ విమానాశ్రయం ఊరి మధ్యలోనే ఉంది కాబట్టి విమానాలు లేవడం, దిగడం వాళ్ళకి కొత్త కాదు. వియత్నామీస్‌లో విమానం లేవడాన్ని ‘కత్ కాన్’ అంటారు, రెక్క ఎత్తడం అని. దిగడం ‘హా కాన్’, రెక్క దించడం. ఇక్కడ మీరు చెప్పాల్సింది ఒక్కటే, విమానం విషయంలో ఆ ఖాళీ మూసుకుపోతుంది. ‘ద ప్లేన్ టేక్స్ ఆఫ్ ఎట్ సిక్స్’, మధ్యలో పెట్టడానికి ఏమీ లేదు, ఎవరూ దేన్నీ తీయట్లేదు. ‘ద పైలట్ టేక్స్ ఆఫ్ ద ప్లేన్’ అని ఎవరైనా అంటే అక్కడికక్కడే సరిదిద్దండి. మనవైపు ‘ఫ్లైట్ టేకాఫ్ అయింది’ అని పేపర్లో కూడా రాస్తాం. ఆ అలవాటులో ‘ద ఫ్లైట్ ఈజ్ టేకాఫ్’ అనే వాక్యం మీ నోట రాకుండా చూసుకోండి, టీచర్ నోట వచ్చింది స్టూడెంట్ నోట పదేళ్ళుంటుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి, ఆ మేనేజర్. ‘ఐ టుక్ ఆఫ్ యెస్టర్‌డే’ అన్న వాక్యం వినగానే చాలామందికి తోచేది ‘నిన్న నేను బయల్దేరి వెళ్ళిపోయాను’ అని. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడానికి కూడా ‘టేక్ ఆఫ్’ అంటారు కదా, అందుకు. అమెరికాలో మాటల్లో ‘ఐ టుక్ ఆఫ్ వర్క్’ అనేవాళ్ళు ఉన్నారు కానీ అక్కడ కూడా ‘వర్క్’ అనే మాట ఉండబట్టే అర్థం తెలుస్తుంది. మన దేశంలో ఆఫీసుల్లో ‘ఐ టుక్ ఆఫ్’, ‘ఐ విల్ టేక్ యాన్ ఆఫ్’ అని అందరం అంటాం, ‘రేపు ఆఫ్ తీసుకుంటున్నా’ అని తెలుగులోనూ అంటాం, హైదరాబాద్‌లో అయితే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మన మధ్య అది చెల్లుతుంది. కానీ మీ స్టూడెంట్లు మాట్లాడేది కొరియా వాళ్ళతో, జపాన్ వాళ్ళతో, ఆస్ట్రేలియా వాళ్ళతో. వాళ్ళకి మన ఇంగ్లీష్ అలవాటు ఉండదు. కాబట్టి ఇక్కడ ఆ ఖాళీ తప్పకుండా నిండాలి: ‘ఐ టుక్ యెస్టర్‌డే ఆఫ్’. ‘ఐ టుక్ ద డే ఆఫ్’. ‘కెన్ ఐ టేక్ ఫ్రైడే ఆఫ్?’ షూస్ పెట్టిన చోటే ఇప్పుడు రోజు పెడుతున్నాం, అంతే తేడా అని చెబితే వాళ్ళ ముఖాలు ఎలా విప్పారతాయో చూడండి.

ఈ అర్థం మీద ఎక్కువ సేపు ఉండమని నా సలహా, ఎందుకంటే ఉద్యోగాలు చేసేవాళ్ళకి రోజూ పనికొచ్చేది ఇదే. వియత్నామీస్‌లో సెలవు అడగడాన్ని ‘సిన్ ఙి’ అంటారు. ‘సిన్’ అంటే వేడుకోలు, ‘ఙి’ అంటే విశ్రాంతి, పని మానడం. (మన అక్షరమాలలో ఙ ఉంది కానీ దానితో మొదలయ్యే మాట మనకి దొరకదు. వాళ్ళకి బోలెడు, అక్కడ అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఇంటిపేరు కూడా ఆ శబ్దంతోనే మొదలవుతుంది.) వాళ్ళ మాటలో అడగడం కలిసే ఉంది, ఇంగ్లీష్ ‘టేక్ ఎ డే ఆఫ్’లో అది లేదు. కాబట్టి పై అధికారితో ‘ఐ టేక్ టుమారో ఆఫ్’ అంటే అడిగినట్టు కాకుండా నిర్ణయం చెప్పినట్టు ఉంటుంది. ఆ మర్యాదంతా ‘కెన్ ఐ’, ‘కుడ్ ఐ’, ‘ఈజ్ ఇట్ ఓకే ఇఫ్’ లాంటి మాటల్లో రావాలి. ‘కుడ్ ఐ టేక్ టూ డేస్ ఆఫ్ బిఫోర్ టెట్?’ అని అడిగించండి, టెట్ అంటే వాళ్ళ చాంద్రమాన సంవత్సరాది, ఆ పండక్కి సొంతూళ్ళకి వెళ్ళడానికి అందరికీ సెలవు కావాలి, కాబట్టి ఆ వాక్యం ఎవరూ మర్చిపోరు. ఇంకో సంగతి, అక్కడి ఆఫీసుల్లో కుర్రవాళ్ళు మనలాగే ‘ఆఫ్’ని తమ భాషలో కలిపేసుకుని ‘ఈరోజు నేను ఆఫ్’ అన్నట్టు వాడుతుంటారు. అది ఇంగ్లీష్‌లోకి తిరిగొచ్చేటప్పుడు ‘ఐ ఆఫ్ టుడే’ అవుతుంది. ‘ఐయామ్ ఆఫ్ టుడే’ అని ఆ ‘యామ్’ని పట్టుబట్టి పలికించండి.

ధర తగ్గించడం ఒక రోజులో అయిపోతుంది. మీ ఊళ్ళో ఏ బజారుకి వెళ్ళినా షాపు అద్దాల మీద ‘సేల్ ఆఫ్ 50%’ అని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది కదా, అది వియత్నాంలో పుట్టిన ఇంగ్లీష్. బయట ‘50% ఆఫ్’ అనో ‘ఆన్ సేల్’ అనో అంటారు. క్లాసులో ఒక బోర్డు ఫోటో పెట్టి, దీన్ని బయటి దేశం వాళ్ళు ఎలా రాస్తారో మార్చమనండి. అందులోంచి ‘కెన్ యూ టేక్ టెన్ పర్సెంట్ ఆఫ్?’ అనే వాక్యానికి వెళ్ళడం ఒక్క అడుగే, అక్కడి మార్కెట్లలో బేరం మామూలే కాబట్టి ఒకరు అమ్మేవాళ్ళు, ఒకరు కొనేవాళ్ళు అయితే పావుగంట బాగా గడుస్తుంది.

ఒక్కసారిగా ఊపందుకోవడం అనే అర్థం మాత్రం వదలొద్దు, ఇది వార్తల్లో ఎక్కువ వస్తుంది, పైగా వాళ్ళ దేశం కథే దీనికి మంచి ఉదాహరణ. 1986లో ‘డోయ్ మోయ్’ పేరుతో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి, ఆ తర్వాత 1990లలో కాఫీ సాగు ఎంత వేగంగా పెరిగిందంటే ఇవాళ ప్రపంచంలో బ్రెజిల్ తర్వాత వియత్నాందే రెండో స్థానం, రోబస్టా రకంలో అయితే వాళ్ళే మొదటి వాళ్ళు. ‘వియత్నామీస్ కాఫీ టుక్ ఆఫ్ ఇన్ ద నైన్టీన్ నైన్టీస్’ అని బోర్డు మీద రాసి దీని అర్థం ఏమై ఉంటుందో వాళ్ళనే చెప్పమనండి. గాలి తగిలిన గాలిపటంలా లేచింది అనే నానుడి వియత్నామీస్‌లో ఉంది, ఎవరో ఒకరు దాన్ని అనే తీరతారు. విమానం నేల విడిచిన బొమ్మ నుంచి ఇది నేరుగా వస్తుంది, ఖాళీ ఇక్కడ కూడా మూసుకునే ఉంటుంది. ఇక చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడం, ఎవరినో అనుకరించడం లాంటివి ఉన్నాయి. మొదటిది వింటే తెలిస్తే చాలు, వాడక్కర్లేదు. రెండోదాన్ని మీ జాబితాలోంచి కొట్టేయండి, మీ స్టూడెంట్లకి దానితో పని పడదు.

అర్థం నిజంగా పట్టుకున్నారో లేదో చూడటానికి అనువాదం అడగకండి. వ్యతిరేకం అడగండి. ‘షి టుక్ హర్ జాకెట్ ఆఫ్’, దీనికి వ్యతిరేకం ఏమిటి? పుట్ ఆన్. ‘ద ప్లేన్ టుక్ ఆఫ్’? ల్యాండెడ్. ‘షి టుక్ మండే ఆఫ్’? వెంట్ టు వర్క్. ‘దే టుక్ టెన్ డాలర్స్ ఆఫ్’? ధర పెంచారు. ఒకే మాటకి నాలుగు వేరు వేరు వ్యతిరేకాలు తడుముకోకుండా చెప్పగలిగినవాడికి ఆ నాలుగు అర్థాలూ వచ్చినట్టే. అనువాదమైతే పుస్తకంలో చూసింది చెప్పేస్తారు, ఇదైతే ఆలోచించకుండా చెప్పడం కుదరదు. పైగా దీనికి మీకు వియత్నామీస్ అక్కర్లేదు.

పలకడం దగ్గర కాస్త ఓపిక పట్టాలి. వియత్నామీస్‌లో మాట చివర వచ్చే హల్లులు చాలా తక్కువ: ప, త, క, ఇంకా కొన్ని అనునాసికాలు. వాటిలో ప, త, క వచ్చినప్పుడు కూడా గాలి బయటికి వదలరు, నోరు మూసి ఆపేస్తారు. చివర ‘ఫ్’ అసలు లేదు. అందుకే దగ్గర్లో ఉన్న ‘ప్’తో సరిపెట్టి ‘ఓప్’ అంటున్నారు. కానీ మాట మొదట్లో ఆ శబ్దం వాళ్ళకి బ్రహ్మాండంగా వచ్చు, వాళ్ళ నూడుల్ సూప్ ‘ఫో’ మొదలయ్యేదే దానితో. ‘ఫో’ అనబోయి ఆ మొదటి శబ్దం దగ్గరే ఆగి, పై పళ్ళు కింది పెదవి మీద ఆనించి గాలిని సాగదీయమనండి. అదే శబ్దాన్ని ‘ఆ’ తర్వాత పెట్టమనండి. అయినా రాకపోతే ‘ఆఫ్’ తర్వాత అచ్చుతో మొదలయ్యే మాట వచ్చేలా వాక్యం ఇవ్వండి. ‘టేక్స్ ఆఫ్ ఎట్ సిక్స్’ని కలిపి పలికితే ‘ఫ్’ తర్వాతి మాటకి మొదటి శబ్దం అయిపోతుంది, ‘టేక్సా ఫెట్ సిక్స్’ అన్నట్టు. మాట మొదట్లో అయితే వాళ్ళకి వచ్చిన శబ్దమే కదా.

మాటలు కలపడం అంటే మనకి పుట్టుకతో వచ్చిన సంధి. మనం ‘టేక్, ఆఫ్’ అని విడదీసి అనం, ‘టేకాఫ్’ అనే రాస్తాం కూడా. వాళ్ళకి అలా కాదు, వియత్నామీస్‌లో ప్రతి అక్షరం విడిగా పలుకుతుంది, రాతలో కూడా మధ్యలో ఖాళీ వదులుతారు, ఒక దాని చివరి హల్లు పక్కదాని మీదికి పోదు. ‘టేక్ ఇట్ ఆఫ్’ని మూడు మెట్లలా ఆగి ఆగి అంటారు, ‘క్’, ‘ట్’ రెండూ గొంతులోనే ఉండిపోతాయి, వినేవాడికి ‘టే ఇ ఓ’ వినిపిస్తుంది. కాబట్టి బోర్డు మీద హల్లుని జరిపి రాయండి: టే, కి, టాఫ్. వాళ్ళ లిపి కూడా రోమన్ అక్షరాలదే, 1651లోనే ఆ లిపిలో వియత్నామీస్ నిఘంటువు రోమ్‌లో అచ్చయింది, కాబట్టి మీరు రోమన్ అక్షరాల్లో ఇలా విడగొట్టి రాస్తే వెంటనే అందుకుంటారు. ఒత్తు సంగతి మీరూ గమనించుకోవాలి. క్రియగా వాడినప్పుడు బలం ‘ఆఫ్’ మీద పడుతుంది, ‘టేకాఫ్’ అనే నామవాచకంలో ‘టే’ మీద పడుతుంది. మనం రెంటినీ ఒకేలా అనేస్తాం.

‘టుక్’, ‘టేకెన్’ గురించి మీరు అడగలేదు కానీ చెప్పి తీరాలి. వియత్నామీస్‌లో కాలాన్ని బట్టి క్రియ రూపం మారదు, అయిపోయిందని చెప్పడానికి చివర ‘రోయ్’ లాంటి మాట ఒకటి తగిలిస్తారు. అందుకే ‘ద ప్లేన్ టేక్ ఆఫ్ ఆల్‌రెడీ’ అంటారు. ఇక్కడ కోప్పడి లాభం లేదు, ‘యెస్టర్‌డే’తో మొదలయ్యే వాక్యాలు రోజూ రెండు మూడు అడిగితే నెమ్మదిగా దారికి వస్తుంది.

మీ ఆఖరి ప్రశ్నకి నా జవాబు: వాళ్ళ భాష జోలికి పొండి, కానీ మాట్లాడేది మీరు కాదు, వాళ్ళు. ‘దీన్ని మీ భాషలో ఎలా అంటారు, మాట మాట విడదీసి చెప్పండి’ అని అడగడానికి మీకు వియత్నామీస్ రానక్కర్లేదు. అక్కడ టీచరమ్మని ‘కో’ అని పిలుస్తారు, మేనత్తకీ అదే మాట. అంత చనువు, గౌరవం కలిసిన పిలుపుతో పిలిచేవాళ్ళకి, తమ కో తమ భాష గురించి తమనే అడుగుతోందంటే చాలా సంతోషం కలుగుతుంది, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా ముందుకొచ్చి వివరిస్తారు. వాళ్ళు విడదీసి చెప్పినప్పుడు మీరు వినాల్సింది చివర వచ్చే ఆ చిన్న మాట కోసం: రా, లెన్, లేదా ఇంకోటి. అది ఉంటే ఇంగ్లీష్‌లో దాని జత వెతకండి. లేకపోతే, ‘కత్ కాన్’లో లేనట్టు, ఇది కొత్తగా నేర్చుకోవాల్సిందే అని అప్పుడే చెప్పేయండి.

స్కూలు పరీక్షల్లో నాలుగింటిలో ఒక జవాబు గుర్తించే ప్రశ్నలకి అలవాటు పడినవాళ్ళు కాబట్టి మీరు జాబితా ఆపేస్తే మొదట్లో ఏదో తక్కువైనట్టు అడుగుతారు, అడిగితే ఇవ్వండి, కానీ ప్రతి దాంట్లోనూ ఆ ఖాళీ వదిలి ఇవ్వండి. వారానికి ఒక్క ఫ్రేజల్ వెర్బ్ మించొద్దు. క్లాసుకి జాలోలో (అక్కడి వాట్సాప్ లాంటి యాప్) గ్రూపు ఉంటే ఆ వారం పాటు రోజుకొకరు తమ సొంత వాక్యం ఒకటి అందులో వాయిస్ మెసేజ్‌గా పెట్టాలి, రాసింది కాదు, పలికింది. ‘టేక్ ఆఫ్’ తర్వాత ‘టర్న్ ఆఫ్’కి వెళ్ళండి, సైగాన్ వైపు లైటు వేయడాన్ని ‘తెరవడం’ అంటారు కాబట్టి ‘ఓపెన్ ద లైట్’ అనే తప్పు మీకు ఎలాగూ ఎదురవుతూనే ఉంటుంది, పైగా ‘టర్న్ ఇట్ ఆఫ్’లో కూడా అదే ఖాళీ ఉంది. ‘పుట్ ఆఫ్’ని ఆ తర్వాత వారానికి ఉంచండి, అప్పటికి షూస్ గొడవ తీరిపోయి ఉంటుంది.